జమ్మిచెట్టు, పాలపిట్ట, మన కళాశాల

విజయదశమి నాటి సాయంకాలము మన పాలమూరు, నల్లగొండ పల్లెలలో జరిగే వేడుకను పాఠకులు ఒక్కసారి జ్ఞప్తికి తెచ్చుకొందురు గాక. ఇంటిల్లిపాదీ కొత్తబట్టలు కట్టి ఊరి పొలిమేరలోని జమ్మిచెట్టు దగ్గరకు నడుస్తారు. కాగితము మీద ఇంటివారి పేర్లు వ్రాసి ఆ చెట్టు దగ్గర ఉంచుతారు. నాలుగాకులు తెంపి, వాటికి బంగారమని పేరుపెట్టి, ఒకరి చేతిలో ఒకరు పెట్టి అలయ్ బలయ్ తీసుకొంటారు. పొరుగింటి ముసల్మాను చేతిలోను ఆ బంగారము పడుతుంది. త్రోవ పొడుగునా పిల్లల కండ్లు మాత్రము తీగలమీద, తుమ్మకొమ్మల మీదనే ఉంటవి. ఆనాడు పాలపిట్టను చూచినవారికి ఏడాదంతా మేలు కలుగునని పెద్దల నమ్మకము గదా!

ఈ వేడుకలో మూడు అంశములున్నవి. ఒక ప్రాణిని వెదకుట, చేరినచోట పేరు వ్రాసి వచ్చుట, వెల లేని వస్తువును ఒకరికొకరు ఇచ్చిపుచ్చుకొనుట. సరిగా ఈ మూడింటితోనే నేడు ప్రపంచమందు ఒక ఆట నడుస్తున్నది. దానిని జియోకాచింగ్ అంటారు. మన కళాశాల ఏటేటా ఒకనాడు విద్యార్థుల కుటుంబములతో, ప్రాణులే ఇతివృత్తముగా, ఈ ఆటను జరుపవలెనని మా అభిప్రాయము. ఆ అభిప్రాయమునకు గల కారణములను, దానికి రాగల ఆక్షేపణలను ఈ వ్యాసములో నివేదించుకొంటున్నాము.

ముందుగా ఆట పుట్టుపూర్వోత్తరములు. ఇంగ్లండులో డార్ట్‌మూర్ అనే బీడునేలమీద 1854లో జేమ్స్ పెరాట్ అనే దారిచూపరి, క్రాన్మియర్ కొలను దగ్గర ఒక సీసా ఉంచినాడు. అంత దూరము నడిచి వచ్చిన వారు తమ పేరుచీటీని అందులో వేసి పోయేవారు. దానినుండి అక్కడ డబ్బాలు దాచి వెదకే అలవాటు పెరిగినది. ఇక నేటి ఆటకు మూలము ఉపగ్రహములు. భూమికి సుమారు 20,000 కిలోమీటర్ల ఎత్తున తిరిగే అమెరికా ఉపగ్రహములు పంపే సంకేతములను బట్టి, మనము నిలిచిన చోటి అక్షాంశ రేఖాంశములను చేతిలోని పరికరము లెక్కగట్టగలదు. మొదట ఆ సంకేతములను సైన్యమునకు సరిగాను, సామాన్యులకు కావాలని తప్పుగాను పంపేవారు. సామాన్యుని పరికరము వంద మీటర్ల వరకు పొరబడేది. 2000 మే 1వ తేదీ రాత్రి ఆ ఆటంకమును తొలగించినారు. రెండు దినములలోనే, మే 3న, డేవ్ అల్మర్ అనే ఆయన ఆరెగన్ రాష్ట్రములోని బీవర్‌క్రీక్ దగ్గర ఒక బకెట్టును పాతి, దాని అక్షాంశ రేఖాంశములను లోకమునకు ప్రకటించినాడు. అందులో ఒక పుస్తకము, కొన్ని చిల్లర వస్తువులు, ఒక చిక్కుడుగింజల డబ్బా ఉన్నవి. వెదకి పట్టినవాడు ఒక వస్తువు తీసుకొని మరియొకటి ఉంచవలెను. పుస్తకములో పేరు వ్రాయవలెను. ఇంతే నియమము.

ఆ చిక్కుడుగింజల డబ్బా సంగతి చెప్పక తప్పదు. తరువాత తరువాత ఈ ఆటగాండ్లు తినుబండారము దాచరాదని నియమము పెట్టుకొన్నారు. వాసనకు జంతువులు వచ్చి డబ్బాను కొరికి పాడుచేస్తవి, తమకును హాని తెచ్చుకొంటవి. ఆట మొదటినుండియే మానవుడు ప్రాణుల ఇంటిలో అతిథి అని ఈ నియమము గుర్తుచేస్తుంది.

విదేశీయుల ఆట మనకెందుకని కొందరు అడుగవచ్చును. నిలిచిన చోటు ఏదో, పోవలసిన దిక్కు ఏదో తెలిసికొనే విద్య మనకు పరాయిది కాదు. నమాజునకు కిబ్లా దిక్కు నిర్ణయించుటకై ముస్లిం పండితులు శతాబ్దములపాటు గణితమును పెంచి పోషించినారు. పదకొండవ శతాబ్దిలో అల్ బిరూనీ నాటి హిందూదేశపు పంజాబులో, నందన దుర్గము దగ్గరి కొండమీద నిలిచి, దిగంతము ఎంత క్రిందికి వంగినదో కొలిచి, దానినుండి భూమి వ్యాసార్ధమును లెక్కగట్టినాడు. మన దేశము కూడ 2013 నుండి, నేడు నావిక్ అని పిలువబడే స్వంత దిక్సూచి ఉపగ్రహములను ప్రయోగించినది. మన పిల్లల జేబులోని సెల్‌ఫోనులో ఈ విద్య అంతయు ఉన్నది. కాని ఆ ఫోను చూపే పటములో మన ఊరి చెరువు ఎక్కడ ఉన్నదో వెదకిన విద్యార్థులు ఎందరు?

ప్రాణులే ఇతివృత్తముగా ఎందుకు ఉండవలెను? మన నేలమీద మనతో కాపురముండే ప్రాణులను మనము మరచిపోతున్నాము గనుక. 2014 నవంబరులో తెలంగాణ ప్రభుత్వము పాలపిట్టను రాష్ట్ర పక్షిగాను, జింకను రాష్ట్ర జంతువుగాను, జమ్మిని రాష్ట్ర వృక్షముగాను, తంగేడును రాష్ట్ర పుష్పముగాను ప్రకటించినది. పోటీ పరీక్షలకు చదివే మన విద్యార్థులు ఈ నాలుగు పేర్లను తడుముకొనకుండ చెప్పగలరు. ఎగిరే పాలపిట్టను చూపి ఇది ఏ పిట్ట అని అడిగినచో తడుముకొంటారు. అంతకన్న విచారకరమైన సంగతి మరియొకటి ఉన్నది. దసరానాడు చూపి డబ్బు తీసుకొనుటకై పాలపిట్టలను పట్టి పంజరములలో పెట్టి ఊరూరా త్రిప్పేవారున్నారు. వన్యప్రాణి సంరక్షణ చట్టము 1972లోనే వచ్చినది. అయినను వెదకే ఓపిక లేని కండ్లు ఉన్నంతకాలము పంజరము పట్టుకొని వచ్చే చేయి కూడ ఉంటుంది. వెదకి చూచిన పిట్ట శుభము. కట్టి తెచ్చిన పిట్ట పాపము.

పశ్చిమాన నారాయణపేట జిల్లాలో కృష్ణ, మాగనూరు మండలముల పొలములలో కృష్ణజింకలు మందలుగా తిరుగుతవి. పట్నపు పిల్లవానికి అవి కన్నులపండుగ. మొలకను మేసిపోయిన జింకను చూచిన రైతుకు అవి కంటనీరు. ఈ రెండు మాటలు నిజములే. ఈ రెండింటిని ఒకేసారి మనసులో నిలుపుకొనగల విద్యార్థియే రేపు న్యాయమైన పరిష్కారమును ఆలోచింపగలడు. తూర్పున నాగర్‌కర్నూలు, నల్లగొండ జిల్లాలలో 2,600 చదరపు కిలోమీటర్లకు పైబడి వ్యాపించిన అమ్రాబాద్ పులుల అభయారణ్యము ఉన్నది. అక్కడ యురేనియం త్రవ్వకముల మాట వచ్చినప్పుడు చెంచులు, పల్లెజనులు, పట్నపు విద్యావంతులు ఏకమై నల్లమలను కాపాడుమని ఎలుగెత్తినారు. 2019 సెప్టెంబరులో శాసనసభ ఆ త్రవ్వకములు వద్దని తీర్మానించినది. నల్లమల ఎట్లుంటుందో తెలిసినవారు ఉన్నారు గనుకనే ఆ గొంతు లేచినది. తెలియని అడవి కొరకు ఎవరు గొంతెత్తుతారు?

ఇక ఆటకు కథ కావలెను. అదియు మన రెండు భాషల ఇంటిలోనే ఉన్నది. పంచతంత్రములోని మిత్రలాభములో కాకి, ఎలుక, తాబేలు, జింక అనే నలుగురు స్నేహితులున్నారు. 1853లో పరవస్తు చిన్నయసూరి నీతిచంద్రికలో వారినే తెలుగువారికి చిరస్మరణీయులను గావించినాడు. అదే పంచతంత్రము పహ్లవీ భాషలోనికి, దానినుండి ఎనిమిదవ శతాబ్దిలో ఇబ్నుల్ ముకఫ్ఫా లేఖిని ద్వారా కలీలా వ దిమ్నాగా అరబ్బీలోనికి పోయి, ఆపై పారసీకములోనికి, ఉర్దూలోనికి వచ్చినది. ఆ నలుగురు మిత్రులు ఆ గ్రంథములోను ఉన్నారు. అనగా తెలుగు చదివే అబ్బాయి బాల్యమందు విన్న కాకియు, ఉర్దూ చదివే అమ్మాయి తన నానీ నోట విన్న కౌవాయు ఒకటే! పక్షులన్నియు కలిసి తమ రాజు సీముర్గును వెదకుచు ఏడు లోయలు దాటి, చివరకు మిగిలిన ముప్పది పక్షులు తామే ఆ సీముర్గు అని తెలిసికొన్న కథను ఫరీదుద్దీన్ అత్తార్ మంతిఖుత్తైర్‌లో చెప్పినాడు. వెతుకులాట చివర దొరికేది డబ్బాలోని వస్తువు కాదు, వెదకినవారి కలయిక అని దాని అంతరార్థము.

మా ప్రతిపాదనకు ప్రాణము ఇక్కడనే ఉన్నది. ఈ వార్షిక సంచికనే చూడండి. ఉర్దూ పుటలు కుడివైపు నుండియు, తెలుగు పుటలు ఎడమవైపు నుండియు మొదలై నడుమ కలుసుకొంటవి. కాని ఒక వైపు చదివినవారు ఆ నడిమి పుటను దాటి రెండవ వైపు పోవుట అరుదు. ద్వితీయ భాష గంట కొట్టగానే తరగతి రెండుగా చీలుతుంది. ఆ తరువాత భోజనపు వేళ కూడ ఆ చీలిక అట్లే ఉంటుంది. ఎవరికి ఎవరిమీదను ద్వేషము లేదు. ఒకరి లిపి ఒకరికి రాదు, అంతే. కాని లిపి రానిచోట మాట కూడ క్రమముగా తగ్గుతుంది. కావున ఈ ఆటలో ప్రతి చిక్కుప్రశ్నను సగము ఉర్దూలో, సగము తెలుగులో వ్రాయవలెనని మా సూచన. కాకిని గురించిన ఆనవాలు ఒక లిపిలో, కాకి వ్రాలిన చోటు రెండవ లిపిలో ఉండవలెను. అప్పుడు ఏ ఒక్కరును ఒంటరిగా గెలువలేరు. వల తెంచే ఎలుక లేక జింక, దారిచూపే కాకి లేక ఎలుక ఎట్లు నిస్సహాయులో, అట్లే.

ఆట ఎక్కడ జరుపవలెను? అడవిలో మాత్రము కాదు. అభయారణ్యమున డబ్బాలు దాచుట చట్టమునకు, ప్రాణులకు, మన పిల్లలకు మూడింటికీ కీడు. ఎలుగుబంటి తిరిగే తావున పసిపిల్లలను పొదలు వెదకమనుట వివేకము కాదు. దేవరకొండ, కోయిలకొండ వంటి దుర్గములును వద్దు. ఆ మెట్లు వృద్ధులు ఎక్కలేరు; శిథిలములలో డబ్బా దాచినచో మరియొక ప్రమాదమున్నది. మన జిల్లాలలో గుప్తనిధుల ఆశతో పాత గుళ్లను, కోటలను, ఆదిమానవుల సమాధులను త్రవ్వి పాడుచేసే దురాచారము ఇంకను పోలేదు. మన ఆట ఆ ఆశకు అణుమాత్రమైనను ఊతము కారాదు. కనుక గునపము తాకరాదు, మన్ను కదలరాదు, రాయి జరుగరాదు.

మాకు తోచిన తావులు రెండు. మహబూబ్‌నగరు శివారులోని పిల్లలమర్రి ఒకటి. ఏడు శతాబ్దముల నాటిదని ప్రతీతి గల ఆ మర్రి నీడలో దర్గా ఉన్నది. శ్రీశైలము ప్రాజెక్టు ముంపునుండి తరలించి తిరిగి కట్టిన రాజరాజేశ్వరాలయము ప్రక్కనే ఉన్నది. 2018లో ఆ వృక్షమునకు చెదలు పట్టగా, మనిషికి సెలైను ఎక్కించినట్లు సీసాలు వ్రేలాడదీసి చుక్కచుక్కగా మందు ఎక్కించి బ్రతికించుకొన్నారు. ఆ చెట్టుకు మేకు కొట్టుట, తొర్రలో డబ్బా దూర్చుట మహాపరాధము. అక్కడ డబ్బాయే వద్దు. డబ్బా లేని ఆట కూడ ఈ జియోకాచింగులో ఉన్నది. చెప్పిన చోటికి చేరి, అక్కడ నిలిచి చూచినవారికే తెలిసే జవాబును వ్రాయవలెను. ఈ ఊడమీద ఏ పిట్ట వ్రాలినది? ఈ గూడు ఏ పురుగుది? ఈ అడుగు ఉడుతదా, ముంగిసదా? చూడనివాడు చెప్పలేడు, చూచినవాడు మరువలేడు.

రెండవది నల్లగొండ ప్రక్కనున్న పానగల్లు. కందూరు చోడుల కాలపు ఉదయసముద్రము, గట్టు దగ్గరి పచ్చల సోమేశ్వరాలయము, పురావస్తు ప్రదర్శనశాల అక్కడ ఉన్నవి. నీటిపక్షులను గట్టుమీదనుండి చూడవచ్చును. రాతిమీద చెక్కిన ప్రాణులను ప్రాకారములో వెదకవచ్చును. ప్రాణమున్న కొంగను, శిల్పి చెక్కిన సింహమును ఒకేదినమున వెదకే భాగ్యము వేరెక్కడ దొరుకుతుంది? ఒక ఏడు పాలమూరులో, మరుసటి ఏడు నల్లగొండలో జరిపినచో రెండు జిల్లాల విద్యార్థులకు ఒకరి నేల మరియొకరికి పరిచయమగును.

కుటుంబములతో కలిసి అన్నాము. ఈ మాటను తేలికగా అనలేదు. మన విద్యార్థులలో ఎందరి తండ్రులో గల్ఫు దేశములలోనో, ముంబాయిలోనో, పూనాలోనో కష్టము చేసుకొంటున్నారు. పాలమూరు వలస అనే మాట ఎరుగని వారెవరు? ఆ ఇండ్లలో కుటుంబమనగా తల్లి, అవ్వ, చిన్నపిల్లలు. తండ్రి లేడని ఏ జట్టును తక్కువగా లెక్కింపరాదు. మన అమ్మీజాన్‌లలో కొందరు పెండ్లిండ్లకు, ఆసుపత్రికి తప్ప గడప దాటి ఎరుగరు. బిడ్డ చదివే కళాశాల ఎట్లుంటుందో చూడనివారున్నారు. వారిని సభకు పిలిచినచో వెనుక వరుసలో కూర్చుండి వెళ్లిపోతారు. ఆటకు పిలిచినచో మాట్లాడుతారు. ఏ కోడి ఏ అరుపు అరిస్తే పిల్లి వచ్చినట్లో, ఏ చీమ గుడ్లు మోస్తే వాన వచ్చునో పుస్తకము చదివిన మనకన్న వారికి ఎక్కువ తెలుసును. ఆనాటి జట్టులో బిడ్డ శిష్యురాలు, తల్లి గురువు.

మర్రిగూడ, మునుగోడు ప్రాంతముల నుండి వచ్చే విద్యార్థుల తాతలను కూడ తలచుకొన్నాము. దశాబ్దములపాటు ఫ్లోరైడు నీరు త్రాగి వెన్ను వంగిన వారు ఆ పల్లెలలో నేటికిని ఉన్నారు. కృష్ణమ్మ నీరు ఇంటికి వచ్చినది. వంగిన ఎముక మాత్రము తిరిగి లేవదు. కావున పరుగుపందెమువలె ముందు చేరినవారికే బహుమతి అనే నియమము వద్దు. కుర్చీలో కూర్చున్న తాత చెప్పిన జవాబుకును పరుగెత్తిన మనుమని జవాబుకును సమానముగా మార్కులుండవలెను.

ఇక ఆక్షేపణలు. డబ్బు ఎక్కడిదని మొదటి ప్రశ్న. జట్టుకు ఒక సెల్‌ఫోను చాలును. అది లేని జట్టుకు కాగితముమీద గీచిన పటము చాలును. మూతగల నాలుగు టిఫిను డబ్బాలు, నాలుగు నోటుపుస్తకములు, కొన్ని పెన్సిళ్లు, ఇంతియే సామగ్రి. చదువు చెడునని రెండవ ప్రశ్న. జంతుశాస్త్రము, భూగోళము, గణితము, రెండు భాషలు ఒక్క పూటలో కలిసివచ్చే తరగతి మన కాలపట్టికలో ఎక్కడ ఉన్నది?

మూడవ ఆక్షేపణ బరువైనది. దానిని దాటవేయుట మాకు ఇష్టము లేదు. గోడ వెనుక డబ్బా పెట్టి పోయే యువకుని చూచి బాటసారి ఏమనుకొంటాడు? ఆ యువకుని పేరు విన్న తరువాత మరింత ఏమనుకొంటాడు? 2011లో ఇంగ్లండులోని వెదర్బీ అనే ఊరిలో ఇటువంటి ఆటడబ్బాను చూచి పోలీసులు బాంబు నిపుణులను రప్పించినారు. మన దగ్గర 2007లో మక్కా మసీదు ప్రేలుడు తరువాత నిర్బంధింపబడిన హైదరాబాదు యువకులలో పలువురు నిర్దోషులని తేలి విడుదలైనారు. విడుదలైనను పోయిన దినములు తిరిగిరాలేదు. మన తల్లుల గుండెలో ఆ భయము ఇప్పటికిని ఉన్నది. ఆ భయమును పరిహసించే హక్కు ఎవరికిని లేదు.

అట్లని ఆట మానవలెనా? మానినచో మన పిల్లలు బహిరంగ స్థలములలో తలవంచుకొని నడువవలెనని మనమే ఒప్పుకొన్నట్లగును. కావున దాచుటను దాపరికము లేకుండ చేయవలెను. అటవీశాఖకు, పురావస్తుశాఖకు, స్థానిక పోలీసుఠాణాకు ముందే కళాశాల ముద్రతో లేఖలు పోవలెను. ప్రతి డబ్బా పారదర్శకముగా ఉండి, దానిమీద కళాశాల పేరు, ఆటపేరు, అధ్యాపకుని ఫోను నంబరు రెండు భాషలలో ఉండవలెను. డబ్బా దగ్గర ఒక అధ్యాపకుడు కనుచూపు మేరలో ఉండవలెను. ఆనాటి సాయంత్రమే లెక్క చూచి అన్నియు తీసివేయవలెను. ఠాణానుండి ఒక అధికారిని అతిథిగా పిలిచి ఒక జట్టులో చేర్చవలెను. మన పిల్లలతో కలిసి ఒక పూట కాకిగూడు వెదకిన అధికారి, ఆ పిల్లలను తరువాత రోడ్డుమీద చూచే చూపు వేరుగా ఉంటుందని మా ఆశ.

కళాశాల సంఘము వారికి మా మనవి ఇంతమాత్రమే. దసరా సెలవులు ముగిసిన తరువాతి ఒక ఆదివారమును ఈ ఆటకు కేటాయింపుడు. ఉర్దూ, తెలుగు, జంతుశాస్త్ర శాఖల అధ్యాపకులను కలిపి ఒక చిన్న ఉపసంఘమును నియమింపుడు. అమ్రాబాదులో అడవి కాపలాదారులుగా పనిచేసే చెంచు సోదరులలో ఒకరిని ముందుదినము పిలిపించి, అడుగుజాడ చదువుట ఎట్లో మాకు చెప్పింపుడు. ఉపగ్రహము పుట్టకముందే వెతుకులాటలో ఆరితేరినవారు వారు. మొదటి ఏడు ఇరువది కుటుంబములు వచ్చినను చాలును.

విద్యార్థి సోదర సోదరీమణులకు కూడ ఒక మాట. ఈ సంచిక మీ చేతికి వచ్చిన దినమున, నడిమి పుట దాటి రెండవ వైపు ఒక్కసారి త్రిప్పండి. చదువరాదా? చదువగలిగిన సహాధ్యాయి మీ బెంచీకి రెండు బెంచీల అవతలనే ఉన్నాడు. అతనిని పిలిచి, ఇందులో ఏమున్నదో చెప్పుమని అడగండి. మొదటి డబ్బా అక్కడనే ఉన్నది.